పరదా వెనక అబ్రహాము

అబ్రహాము ముఖాన పూసిన రంగును కొబ్బరినూనె గుడ్డతో తుడిచేశారు. అది 1971, కొత్తపేట నాటక పోటీలు. తెర లేవడానికి అరగంట ఉంది.

అతను రాజోలు దగ్గర మిషను బడి పంతులు. కూలివాడి కొడుకు. నాటకంలో హీరో కూడా కూలివాడే. మూడు నెలలు ఆ వేషం పాఠాన్ని వల్లించాడు. అయితే సెట్టింగులు మోయడానికి లారీ ఇచ్చిన కొబ్బరి వర్తకుడు బుల్లిరాజుగారికి, ఆ మధ్యాహ్నం భోంచేసి లేచేసరికి నటించాలనిపించింది. నాటక సమాజం కార్యదర్శి సూర్యారావు అబ్రహామును పక్కకు పిలిచి, నీకు కూలివాడి పోలికలు లేవోయ్ అని తేల్చేసి, పుస్తకం చేతికిచ్చి, మాటలు అందించమని పరదా వెనక కూర్చోబెట్టాడు. బుల్లిరాజుగారు చినిగిన బనీను మీద పులిగోరు గొలుసుతో ఆకలికి అలమటించారు. ఉత్తమ నటుడి కప్పు ఆయనదే అయింది.

ఆ తరవాత పదిహేనేళ్ళూ అదే వరస. వచ్చే ఏడు నీదేనని ఏటా అనేవారు. అబ్రహాము ఏటా హీరో పాఠమంతా వల్లించి, పరదా వెనక నుంచి అందించేవాడు. మైకులో అందరి పేర్లూ చదివేవారు, హార్మోనియం మోసుకొచ్చినవాడితో సహా. అందించేవాడి పేరు చదివే ఆనవాయితీ లేదు. ఒక్కసారి ఆ మైకులో తన పేరు వినపడాలని అతని కోరిక.

"మైకులో పేరే కావాలంటే చర్చికి పది కొబ్బరికాయలు కానుకియ్యండి, పాస్టరుగారు చదివి పెడతారు" అనేది భార్య కృపమ్మ.

బుల్లిరాజుగారిలో ఒక ప్రతిభ ఉంది. చెవిన పడ్డ మాటను, అర్థంతో పని లేకుండా, కన్నీళ్ళతో పలికేవారు. ముమ్మిడివరంలో ఒకసారి అబ్రహాముకు పొలమారి పక్కవాణ్ణి మంచినీళ్ళు అడిగితే, ఆయన వేదిక మీద తల్లి శవం పక్కన కూర్చుని "మంచినీళ్ళు" అని భోరుమన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

1986లో అమలాపురంలో ఆయనకు సన్మానం. పట్టుదల గురించి యువతకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉపన్యాసం రాసింది అబ్రహాము. అందులోని పస్తులు, రిహార్సల్సుకు నడిచిన మైళ్ళు, అన్నీ అతనివే. కాగితం చూసి చదివితే నటుడి పరువు పోతుందని పరదా వెనక అతనికి కుర్చీ వేశారు.

సగం దాకా సాఫీగా సాగింది. "నా ముఖాన రంగు తుడిచేసిన రోజున కూడా నేను కుంగిపోలేదు" అన్న వాక్యం దగ్గర అబ్రహాము ఆగాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెల్లగా అందించాడు.

"ఈ కష్టాలేవీ నేను పడలేదండి. పడింది అబ్రహాము. ఆ వేషం అతనిది. పరదా వెనకాల ఉన్నాడు."

బుల్లిరాజుగారు గొంతు వణికిస్తూ ఒక్కో ముక్కా మైకులో పలికారు.

సభ లేచి నిలబడింది. అబ్రహాము కోసం కాదు, ఇంత ఎదిగి కూడా అందించేవాణ్ణి మరవని ఆ పెద్దమనసు కోసం. సూర్యారావు కళ్ళు తుడుచుకుని ఆయనకు రెండో శాలువా కప్పాడు. పరదా ఎత్తి చూడాలని ఎవరికీ తోచలేదు.

మరుసటి ఏడు రాజోలు బస్టాండులో ఇద్దరూ ఎదురుపడ్డారు. అదే ఆఖరు.

"ఏరా అబ్రహామూ, నా చేత అంత మాట అనిపించేసేవేంట్రా" అన్నారు బుల్లిరాజుగారు.

"ఆయ్. ఆ ముక్క నేను పదిహేనేళ్ళ నించీ అందిస్తూనే ఉన్నానండి" అన్నాడు అబ్రహాము. "తమరే ఆలస్యంగా అందుకున్నారు."