నా మీద ఎవరికీ కోపం లేదు

ఇరవై ఏళ్ళ వయసులో మనిషికి ఒక గట్టి నమ్మకం ఉంటుంది, తాను రాకముందు ఈ లోకానికి బుద్ధి చెప్పినవాడు లేడని. నాకు ఆ నమ్మకం కాస్త ఎక్కువ పాళ్ళలోనే ఉండేది. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, ఊళ్ళలో భయం మెల్లమెల్లగా సద్దుమణుగుతున్న ఆ కాలంలో, మిషన్ వాళ్ళు నన్ను మిర్యాలగూడ పక్కన వేములపల్లికి బడి పంతులుగా పంపారు. పుట్టింది ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడలో, చదివింది సూర్యాపేట బోర్డింగులో. చేతిలో ఒక రేకు పెట్టె, అందులో రెండు జతల బట్టలు, ఒక బైబిలు, ఒక దువ్వెన. (అప్పట్లో దువ్వెనతో పని ఉండేది.) వారానికి ఆరు రోజులు పూరింట్లో పిల్లలకు అక్షరాలు నేర్పడం, ఏడో రోజు అదే పూరింట్లో పెద్దలకు వాక్యం చెప్పడం నా ఉద్యోగం. ఆ ఇంటి వెనక గోడకు ఆనించి వేసిన చిన్న పాకే నా కాపురం. కాపురమంటే నేనూ, ఒక పొయ్యీ.

పిల్లలు మధ్యాహ్నానికే నాట్లకో కలుపుకో తల్లుల వెంట వెళ్ళిపోయేవారు. ఇక అక్కణ్ణుంచి పొద్దుగూకేదాకా నాతో మాట్లాడే ప్రాణి ఉండేది కాదు. నా మాటలో ఆంధ్ర యాస వినిపిస్తుందని వాడలో వాళ్ళు నన్ను మర్యాదగా దూరం పెట్టారు. నేను ఎదురైతే మగవాళ్ళు బీడీ దాచేవారు, ఆడవాళ్ళు నవ్వు ఆపేవారు. ఏం తోచక సాయంత్రం రోడ్డు దాకా నడిచి, సూర్యాపేట వెళ్ళే బస్సు కోసం నిలబడేవాణ్ణి. ఎక్కడానికి కాదు, అందులో మనుషులుంటారని. ఒకరోజు కిటికీలో ఎవరో నవ్వినట్టనిపించి చెయ్యి ఊపాను. బస్సు ఆగింది. కండక్టరు తలుపు తెరిచి, "ఎక్కు, జల్ది ఎక్కు" అన్నాడు. ఎక్కనన్నాను. "మరెందుకు ఆపినవయ్యా? పనిలేదా?" అని తిట్టి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే, ఆ వారంలో నాతో ఎవరైనా మాట్లాడిన ముక్కలు అవే. గదికి వచ్చాక కూడా వాటిని తలుచుకున్నాను.

ఈ ఒంటరితనానికి మందు బైబిల్లోనే ఉందని, దాన్ని అక్షరాలా వాడితే చాలని నేను తీర్మానించుకున్నాను. మెత్తని జవాబు కోపాన్ని చల్లారుస్తుందని ఉంది కదా అని, ఎవరేమడిగినా ఎంత మెత్తగా జవాబు చెప్పేవాడినంటే, అడిగినవాళ్ళు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమన్నవ్?" అని రెండోసారి అడిగేవారు. మూడోసారి అడగకుండా వెళ్ళిపోయేవారు. రేపటి గురించి చింత వద్దని ఉంది కదా అని, బియ్యం గాని కట్టెలు గాని ముందుగా తెచ్చిపెట్టుకునేవాణ్ణి కాదు. వాన పట్టినప్పుడు అటుకులు నీళ్ళలో నానేసుకుని తిని, దాన్ని విశ్వాసం అనుకునేవాణ్ణి. (అది విశ్వాసం కాదు. ఒక్కడి కోసం పొయ్యి రాజేయబుద్ధి కాకపోవడం.) కొన్ని పూటలు ఆ అటుకులు కూడా ఉండేవి కావు.

వేములపల్లిలో ఒక కట్టడి ఉండేది. మిర్యాలగూడ నుంచి పాస్టరు అయ్యగారు మూడు నెలలకొకసారి వచ్చి, రొట్టె విరిచి ప్రభు భోజనం ఇచ్చేవారు. ఆ రోజు ఒకరితో ఒకరికి మాటల్లేనివాళ్ళు ముందుకు రాకూడదు. వెనక గోడకు ఆనుకుని కూర్చోవాలి. అంతమంది ముందు కూర్చోవడమే శిక్ష. నేను వచ్చిన మొదటి ఆదివారమే అది జరిగింది. గోడ పక్కన కూర్చున్నవాళ్ళను చూసి, "పంతులూ, మల్లొచ్చేసరికి గోడ ఖాళీ కావాలె" అని నవ్వుతూ అన్నారు అయ్యగారు. ఆయన నవ్వుతూ అన్నారు, నేను మాత్రం అది దైవాజ్ఞ అనుకున్నాను. దాని వెనక నా స్వార్థం కూడా ఉంది. వీళ్ళందరినీ కలిపితే, కలిపినవాణ్ణని నన్ను కూడా తమలో కలుపుకుంటారు. ఎవరో ఒకరు గుమ్మంలోకి పిలుస్తారు, బీడీ దాచకుండా కాలుస్తారు. నాకు కావలసింది అంతకన్నా ఏమీ లేదు.

మూడు నెలలు గడిచాయి. అయ్యగారు వచ్చేముందు శనివారం సాయంత్రం అందర్నీ పోగేసి, బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందు సోదరుడితో సమాధానపడమనే మాట చదివి వివరించాను. "మీలో ఎవరికి ఎవరి మీద కోపం ఉందో, ఇవాళే వాళ్ళింటికి వెళ్ళండి. మనసులో దాచుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పి, క్షమాపణ అడగండి" అన్నాను. ఈసారి మెత్తగా చెప్పలేదు. అందరికీ వినపడింది. అదే కొంప ముంచింది.

ముందు లేచింది ఒక ఇంటి చిన్న తోటికోడలు. ఆమెకూ పెద్ద తోటికోడలికీ తగాదా ఉందని ఊళ్ళో ఎవరికీ తెలియదు, పెద్ద తోటికోడలికి అసలే తెలియదు. నేరుగా ఆమె వాకిట్లోకి వెళ్ళి, "అక్కా, రెండేండ్ల సంది నీ మీద నాకు కోపమున్నది. మాఫ్ చెయ్యి" అంది.

"నా మీదనా? నేనేం జేసిననే?"

"నా బిడ్డ పుట్టినప్పుడు సూడవొచ్చి, నల్లగున్నదంటివి గద."

"నల్లగుంటే నల్లగున్నదనక, తెల్లగున్నదంటరా?"

అంతే. ఆ పిల్ల మేనమామ వైపువాళ్ళు ఒక దిక్కు, పెదనాన్న వైపువాళ్ళు ఒక దిక్కు చేరారు. అది చల్లారకముందే డప్పు బావ (మా ఆరాధనలో డప్పు కొట్టే మనిషి) లేచి, పాటలు పాడే గొంతు మామ దగ్గరకు వెళ్ళి చేతులు పట్టుకున్నాడు. "మామా, నువ్వు పాట ఎత్తుకుంటే నాకు కడుపుల మండుతది. దరువు ఒక దిక్కు, నువ్వొక దిక్కు. గింత కాలం మనసుల పెట్టుకున్న. తప్పయింది."

"అంటే, నా పాట బాగుండదా?"

"తప్పయిందంటున్న గద."

"తప్పు సంగతి తర్వాత. పాట సంగతి సెప్పు."

పొద్దుగూకేలోపు వాడంతా ఇలా క్షమాపణలతో మార్మోగింది. అప్పటిదాకా ముగ్గురో నలుగురో గోడ పక్కన కూర్చునేవారు. మర్నాడు పొద్దున అయ్యగారు సైకిలు దిగి లోపలికి వచ్చేసరికి గోడ పక్కన చోటు చాలక జనం బయట అరుగు మీద కూర్చున్నారు. ముందు వరసలో నేనొక్కణ్ణే. పాట లేదు. గొంతు మామ నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్నాడు.

"ఏం పంతులూ, ఊరంత ఖతం చేసినవా?" అన్నారు అయ్యగారు. సంగతంతా చెప్పాను. ఆయన నవ్వు ఆపుకోవడానికి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఆ మాట మల్లొకసారి సదువు" అన్నారు. చదివాను. "ఇగ సూడు. అవతలోనికి నీ మీద ఏమన్న ఉంటే నువ్వు లేసి పోవాలెనని ఉన్నది. నీకు అవతలోని మీద ఉంటే పోయి ఆని మొకాన చెప్పుమని గీడ లేదు. నువ్వు తిరగేసి సెప్పినవ్." నా చెవులు వేడెక్కాయి. ఎన్నోసార్లు చదివిన మాట అది. ప్రతిసారీ నాకు అనుకూలంగానే చదివాను.

అయ్యగారు జనం వైపు తిరిగి, ఎవరెవర్ని నొప్పించారో వాళ్ళే లేవమన్నారు. ముందు పెద్ద తోటికోడలు లేచి వచ్చి, చిన్న తోటికోడలి ఒళ్ళో పిల్లను లాక్కుని చంకనేసుకుంది. "నల్లగనే ఉన్నది. గని మంచిగున్నది" అంది. అది క్షమాపణ అవునో కాదో నాకిప్పటికీ తెలియదు గాని, చిన్నామె నవ్వింది. డప్పు బావ వెళ్ళి గొంతు మామ పక్కన కూర్చుని, "పాడు మామా, నేనే నీ ఎనక ఉరుకుత" అన్నాడు. గోడ మెల్లగా ఖాళీ అవసాగింది.

"మరి నీ సంగతేంది పంతులూ?" అన్నారు అయ్యగారు.

"నా మీద ఎవరికీ కోపం లేదయ్యగారూ" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆయన నన్ను జాలిగా చూశారు. "మూడు నెలలాయె నువ్వొచ్చి. ఒక్కరికి గూడ కోపం రాలేదా?" అన్నారు. ఈసారి నవ్వలేదు. ఆ జాలి నాకు తగిలింది. ఊళ్ళో ప్రతివాడికీ తనమీద అలిగే మనిషి ఒకరున్నారు. కోపం రావాలంటే ముందు మనిషి మనసులోకి రావాలి కదా. నేను ఎవరి మనసులోకీ రాలేదు. అంతమంది మధ్య కూర్చుని అంత ఒంటరిగా నేను ఎన్నడూ లేను.

అయ్యగారు రొట్టె మీది గుడ్డ తీశారు. అందరూ లేచారు. గోడ దగ్గర ఒకే ఒక్క మనిషి కదలకుండా కూర్చుని ఉంది. బడి ఎదురింటి అవ్వ. ఆమె ఎవరితోనూ గట్టిగా మాట్లాడగా చూసినవాళ్ళు లేరు.

"అవ్వా, నీకెవరి మీద కోపం?" అన్నారు అయ్యగారు ఆశ్చర్యపోయి.

"ఎవరి మీదేంది. గీ పంతులు మీదనే."

అందరూ నా వైపు తిరిగారు.

"పొద్దున అడుగుత, మాపున అడుగుత, తిన్నవా బిడ్డా అని. 'తిన్నానండీ' అంటడు. పొయ్యిల పొగ రాదు, గిన్నె కడిగిన సప్పుడు రాదు. ఏం తిన్నడు? గాలి తిన్నడా? నిన్న గూడ తిన్నానండీ అన్నడు. పరాయోళ్ళకు సెప్పినట్టు నాకు అబద్ధం సెప్తడు. నేను పరాయిదాన్నా? నాకు కోపం రాదా?" పొద్దునా మాపునా వినిపించే ఆ పలకరింపును నేనెన్నడూ మాటల్లో లెక్క వేసుకోలేదు.

అయ్యగారు రొట్టె మీద మళ్ళీ గుడ్డ కప్పేశారు. "పో పంతులూ. అవ్వ ఇంట్ల తిని రా. మేం గీడనే ఉంటం" అన్నారు.

"పరగడుపున తీసుకోవాలి కదయ్యగారూ" అన్నాను. ప్రభు భోజనానికి ముందు ఏమీ తినకూడదని ఊరి పట్టింపు.

"పరగడుపు సంగతి నువ్వు నాకు సెప్పకు" అన్నారాయన. జనమంతా ఘొల్లుమన్నారు.

అలా ఊరంతా ఆరాధన ఆపుకుని కూర్చుంటే, నేను అవ్వ వెనక వీధి దాటి వెళ్ళాను. ఆమె జొన్న గట్క పెట్టి, పచ్చిపులుసు పోసి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. బడిలోంచి గొంతు మామ పాట వినిపించింది, దాని వెనక పరుగెత్తే డప్పూ వినిపించింది. పాట అయిపోయి రెండోది మొదలైంది. "ఇంకింత పెట్టాల్నా?" అంది అవ్వ. "చాలండీ" అన్నాను. "మల్లా అబద్ధం" అని గిన్నె బోర్లించింది. అప్పుడు ఏడుపొచ్చింది. పచ్చిపులుసు కారమని తప్పించుకోవచ్చు గాని, అందులో కారం లేదు. నేను ఏడుస్తూనే తిన్నాను, ఆమె చూస్తూనే ఉంది.

తిరిగి వెళ్ళేసరికి, గుమ్మం దగ్గర కూర్చున్న ఒకాయన "తిన్నడా అవ్వా?" అని కేకేశాడు. "తిన్నడు. రెండుమాట్లు పెట్టిన" అంది అవ్వ, ముందు వరసలోకి నడుస్తూ. ఆమె పక్కన నిలబడి రొట్టె అందుకున్నాను.

ఇప్పుడు సూర్యాపేటలో ఉంటున్నాను. నలుగురూ పెద్దమనిషి అంటారు, దండం పెడతారు, నా మాట ఎవరూ కాదనరు. ఇప్పటికీ ప్రభు భోజనం ముందు కళ్ళు మూసుకుని, ఎవరికైనా నా మీద కోపం ఉందా అని వెతుక్కుంటాను. పాపభీతి అనుకుంటారు చూసేవాళ్ళు. కాదు. ఒక్క పేరు తగిలితే చాలు, ఈ ముసలి కాళ్ళతోనే లేచి వాళ్ళింటికి వెళ్ళిపోదామని ఆశ.