తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారా?

మా అమ్మమ్మ ముందు నిద్ర నటించడం ఎవరి వల్లా అయ్యేది కాదు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టాలని నేను ముసుగుతన్ని పడుకుంటే, వచ్చి దుప్పటి లాగి, మూసిన నా రెప్పలకేసి కాసేపు చూసి, "లేవే దొంగమొహమా, నీ కనుగుడ్లు నా మాటలు వింటున్నాయి," అనేది. ఒకరోజు నిజంగానే నిద్రపోతున్నాను. ఆ రోజు మాత్రం లేపలేదట. "పిల్లకి కల నడుస్తోంది, బడి ఎక్కడికీ పారిపోదు," అని మా అమ్మని గదిలోంచి తరిమేసిందట. నా చదువు అంతంతమాత్రంగా ఆగిపోవడానికి నేను చెప్పుకునే కారణాల్లో ఇదొకటి.

ఆవిడ చదివింది అయిదో తరగతి. పనిచేసింది కాలేజీలో, మనుషుల మనసు గురించి పాఠాలు చెప్పే విభాగంలో. ఆ భవనం మూడో అంతస్తులో, విరిగిన కుర్చీలు పడేసే గది దాటాక, నిద్ర గది ఉండేది. నిజానికి రెండు గదులు, మధ్యలో అద్దం. ఒకవైపు మంచం. రెండోవైపు మెదడు కదలికల్ని గీసే మిషను, దాని మీద వరసగా సన్నటి పెన్నులు, వాటి కింద రాత్రంతా మెల్లగా జరిగే మడతల కాగితం. రాత్రి తొమ్మిదింటికి ఎవరో ఒక విద్యార్థి దిండు చంకలో పెట్టుకుని సిగ్గుపడుతూ వచ్చేవాడు. అమ్మమ్మ వాడి తలని దర్జీలా టేపుతో కొలిచి, ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టి, దూదితో రుద్ది, చల్లటి జిగురు అద్ది, తీగలు అంటించేది. తల మీద కొన్ని, కళ్ళ పక్కన రెండు, గడ్డం కింద రెండు. విద్యార్థులంతా ఆవిడని తీగలమ్మ అనేవాళ్ళు. ఆవిడకి ఆ పేరంటే గర్వం. పైకి మాత్రం, "నేనేమైనా కరెంటు స్తంభాన్నా?" అని విసుక్కునేది.

కాగితం మీది గీతలు ఆవిడకి మన చేతిరాతలాగే. కునుకు పట్టిందంటే గీత సన్నబడుతుంది. మధ్యలో చిన్న చిన్న చిక్కులు పడితే నిద్ర కుదురుకుందని లెక్క. ఆ తర్వాత పెద్ద పెద్ద అలలు, బద్ధకంగా. "అదిగో, అడుగుకి దిగాడు. ఇప్పుడు మంచం ఎత్తేసినా లేవడు," అనేది. గంటన్నర దాటాక అసలు తమాషా. కళ్ళ గీతలు ఉన్నట్టుండి ఎగురుతాయి, గడ్డం గీత మాత్రం చదునుగా పడుకుంటుంది.

"మెదడు ఊళ్ళు తిరుగుతుంటుంది. ఒంటికి మాత్రం తాళం. లేకపోతే కలలో పరిగెత్తేవాడు మంచం మీద నుంచి గోడకి గుద్దుకోడూ?" అని నాకు చెప్పింది.

ఒక్కోసారి మెదడు ముందు లేస్తుంది, తాళం ఇంకా తెరుచుకోదు. అప్పుడు కాలూ చెయ్యీ కదలవు, గుండెల మీద బరువు, గదిలో ఎవరో ఉన్నట్టు. విద్యార్థులు కొందరు కెవ్వుమనేవాళ్ళు. అమ్మమ్మ వెళ్ళి వాళ్ళ వేళ్ళు మెల్లగా కదిపి, "ఏం లేదు నాన్నా, ఒళ్ళు ఇంకా లేవలేదంతే. గదిలో ఎవరూ లేరు. నేనున్నాగా," అనేది. ఇరవై ఆరేళ్ళు ఇలా చెప్పింది.

ఇక మా తాతయ్య. గొడుగులు బాగుచేసేవాడు. మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ గొడుగు పుల్లలతోనే మాట్లాడేవాడేమో. రోజూ తెల్లవారుజామున అమ్మమ్మని ఇంటికి తీసుకెళ్ళడానికి మూడో అంతస్తు ఎక్కి, లోపలికి రాకుండా తలుపు దగ్గర నిలబడేవాడు. చెప్పులు చప్పుడు చేస్తే పడుకున్నవాళ్ళు లేస్తారని ఆవిడ ఎప్పుడో కసిరిందట, అంతే. ఎండాకాలంలో కూడా చేతిలో గొడుగు.

ఒక తెల్లవారుజామున ఆయన రాలేదు. అమ్మమ్మ తిట్టుకుంటూ ఒక్కతే నడిచి వచ్చింది. ఆయన మంచం మీదే ఉన్నాడు, గోడవైపు తిరిగి. నిద్రలోనే పోయాడు. డాక్టరు అదే అన్నాడు, అందరూ మంచి చావు అన్నారు. అమ్మమ్మ ఒక్కతే ఆ మాట ఒప్పుకోలేదు.

"నిద్రలో పోయాడని మీకెలా తెలుసు? గీతలు చూశారా? మధ్యలో లేచాడేమో. నన్ను పిలిచాడేమో. నేనక్కడ ఎవడో పరాయి పిల్లాడి నిద్రకి కాపలా కూర్చున్నాను," అంది. ఆ తర్వాత ఈ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తనందువల్లే ఇంట్లో ఆ ప్రశ్న మాతోపాటే తిరిగేది.

నెలన్నర తర్వాత పనిలోకి వెళ్ళింది. అప్పుడు అక్కడి మేడమ్ కలల మీద ఒక పరిశోధన చేస్తోంది. కళ్ళ గీతలు ఎగిరేటప్పుడు మనిషిని లేపాలి. ఒకే ఒక ప్రశ్న అడగాలి. అది కార్డు మీద రాసి ఉంది: "లేపే ముందు మీ మనసులో ఏముంది?" ఒక్క మాట ఎక్కువ అడగకూడదు, ఒక్క మాట తక్కువ అడగకూడదు. చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో ఎక్కించాలి.

మొదటి వారంలోనే ఒక కుర్రాడు లేచి, నాలుక తడబడుతూ, "తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు," అన్నాడు.

రెండు నెలల తర్వాత మేడమ్ ఆ పుస్తకం తిరగేస్తే పదకొండు మంది కలల్లో తలుపు దగ్గర ముసలాయన. వాళ్ళలో తొమ్మిదిమందికి ఆయన చేతిలో గొడుగు. పదకొండు మందికీ ఒకరితో ఒకరికి ముఖపరిచయం కూడా లేదు.

ఈ మాట ఇంట్లో తెలిసిన రోజు మా అమ్మ స్నానాల గదికి కూడా నన్ను తోడు తీసుకెళ్ళింది. నేను నవ్వాను. నవ్వానే కానీ, మూలన వేలాడే తాతయ్య గొడుగు వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను. అమ్మమ్మ మాత్రం భయపడలేదు. సాయంత్రమయ్యేసరికి జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు డ్యూటీకి వెళ్ళేది.

మేడమ్ నెమ్మదైన మనిషి. లేపిన ప్రతిసారీ గదిలోని మాటలు టేపులో పడతాయి. ఎవరూ వినరు, వినాల్సిన అవసరం రాలేదు. ఆవిడ విన్నది. విన్నాక అమ్మమ్మని పిలిచింది. అప్పటికి నేనూ అక్కడ కాగితాల కట్టలు మోసే పనిలో ఉన్నాను, అమ్మమ్మే ఇప్పించింది.

టేపులో అమ్మమ్మ గొంతు: "లేపే ముందు మీ మనసులో ఏముంది?"

నిద్రమత్తులో ఒక అమ్మాయి: "ఏదో... పరీక్ష హాలు."

"తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"ఆ... ఉన్నారేమో."

"పెద్దాయనా?"

"పెద్దాయనే."

"చేతిలో ఏముందమ్మా? గొడుగా?"

"అవును. గొడుగే."

మేడమ్ టేపు ఆపి పుస్తకం తెరిచింది. పుస్తకంలో ఆ అమ్మాయి చెప్పినట్టుగా ఒకే వాక్యం ఉంది: తలుపు దగ్గర గొడుగుతో పెద్దాయన. అమ్మమ్మ ప్రశ్నలు ఎక్కడా లేవు. రాయాలని ఆవిడకి తోచనే లేదు. జవాబులు రాయమన్నారు, జవాబులు రాసింది.

"అమ్మా, మీరే అందించారు," అంది మేడమ్. "నిద్రలోంచి లేచినవాళ్ళ చేతిలో ఏం పెడితే అది పట్టుకుంటారు. వాళ్ళు అబద్ధమాడలేదు. మీరూ ఆడలేదు."

"మొదటివాడు? వాణ్ణి నేనేమీ అడగలేదుగా మేడమ్ గారూ?"

"వాడి గీతలు చూడండి."

అమ్మమ్మ చూసింది. కళ్ళు తెరిచాడు, గడ్డం గీత ఇంకా పడుకునే ఉంది. ఒంటికి తాళం. గదిలో ఎవరో ఉన్నట్టు. ఇరవై ఆరేళ్ళుగా తాను పిల్లలకి చెప్పిన సంగతే. ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది.

"అయినా సరే, తేల్చండి," అంది. "అడక్కుండా ఒక్కరికైనా కనబడతాడేమో చూడండి. నేను గదిలో ఉండను."

అలా తేల్చారు. ఆరుగురు పడుకున్నారు, ఒక్కొక్కరిని నాలుగుసార్లు లేపారు. ప్రతిసారికీ ఒక మూసిన కవరు. సగం కవర్లలో కార్డు మీది ప్రశ్న ఒక్కటే. సగంలో దానికి తోడు తలుపు ప్రశ్న. ఏ కవరు ఎవరికి వస్తుందో చీట్లు తీసి నిర్ణయించారు. కవర్లు తెరిచి ప్రశ్నలు చదివింది లైబ్రరీలో పుస్తకాలకి ముద్ర వేసే ఆవిడ. మా తాతయ్య సంగతి ఆవిడకి ఒక్క ముక్క తెలియదు. నన్ను చదవనివ్వలేదు. "నీకు ఏదో ఒకటి వినాలని ఉంటుంది, అది నీ గొంతులోకి వచ్చేస్తుంది," అంది మేడమ్.

కార్డు ప్రశ్న ఒక్కటే అడిగిన పన్నెండుసార్లూ ముసలాయన రాలేదు. రెండుసార్లు తలుపు వచ్చింది. ఒకటి బస్సుది, ఒకటి ఫ్రిజ్‌ది. తలుపు ప్రశ్న అడిగిన పన్నెండుసార్లలో ఎనిమిదిసార్లు ఎవరో ఉన్నారు. ఒకడికి చచ్చిపోయిన కుక్క, ఒకమ్మాయికి లెక్కల మాస్టారు, మిగతావాళ్ళకి ఎవరో ఒకరు. గొడుగు మాత్రం ఒక్కరి చేతిలోనూ లేదు.

అమ్మమ్మ ఫలితాలు రాసిన కాగితం మడిచి మేడమ్ చేతికిచ్చేసింది. "రెండు నెలల పని పాడుచేశాను. మళ్ళీ మొదట్నుంచీ చేద్దాం, నేనే తీగలు అంటిస్తాను," అంది. తర్వాత వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"ఒక్కటి మిగిలింది. వస్తే నా దగ్గరికి రావాలి కానీ ముక్కూమొహం తెలియని పిల్లల దగ్గరికి ఎందుకొస్తాడు? ఒక్క రాత్రి నన్ను పడుకోనివ్వండి."

"అది పరిశోధన కాదమ్మా," అంది మేడమ్.

"తెలుసు."

మేడమ్ ఒప్పుకుంది. తీగలు నేను అంటించాను. అమ్మమ్మ తల కొలుస్తుంటే చిన్నపిల్ల తలలా అనిపించింది. "అక్కడ కాదే, వేలెడు పైకి. జిగురు అంతేసి దేనికి, నా తలకేమైనా పోస్టరు అంటిస్తున్నావా?" అని గదమాయిస్తూనే ఉంది. దీపం తీసేముందు నా మణికట్టు పట్టుకుంది.

"కార్డులో ఉన్నదే అడుగు. నా మీద జాలిపడి ఇంకో మాట అన్నావో, రేపట్నుంచి నీతో మాట్లాడను."

అద్దం ఇవతల నేనొక్కదాన్నే. మేడమ్ కిందికి వెళ్ళింది. కాగితం జరుగుతోంది. ఆవిడ గీతలు అడుగుకి దిగడం, పైకి రావడం చూశాను. రెండుసార్లు లేపాను. ఒకసారి కూరగాయలు, ఒకసారి ఏమీ లేదు. మూడోసారి, తెల్లారడానికి ఇంకా గంట ఉందనగా, కళ్ళ గీతలు విపరీతంగా ఎగిరాయి. గంట నొక్కి లోపలికి వెళ్ళాను.

కళ్ళు తెరిచింది. నావైపు చూడలేదు. నా భుజం మీదుగా తలుపు వైపు చూస్తోంది. పెదవులు కదలడం లేదు, వేళ్ళు కదలడం లేదు. ఒంటికి ఇంకా తాళమేనని నాకు తెలుసు. తెలిసినా, వెనక్కి తిరిగితే ఏం కనబడుతుందో అనిపించింది. తాతయ్య చెప్పుల చప్పుడు వినిపించనివ్వడు కదా.

నా నాలుక చివర ఉంది ఆ ప్రశ్న. ఒక్కసారి అడిగితే చాలు. ఆవిడ అవునంటుంది. గొడుగు కూడా ఉందంటుంది. జన్మంతా హాయిగా బతుకుతుంది.

ఆవిడ చిటికెన వేలు పట్టుకుని మెల్లగా కదిపాను. ఊపిరి ఒక్కసారిగా వదిలింది. కార్డు చూసి చదివాను. "లేపే ముందు మీ మనసులో ఏముంది?"

నావైపు తిరిగి చెప్పింది.

"ఈ గదే. మంచం మీద మీ తాతయ్య. తలనిండా తీగలు. నేను అద్దం ఇవతల కూర్చున్నాను. కాగితం నడుస్తోంది. పెద్ద పెద్ద అలలు. అడుగున ఉన్నాడు. ఒక్కసారి కూడా పైకి రాలేదు. రాత్రంతా చూశాను. పిలవలేదు."

రాశాను. ప్రశ్న కూడా రాశాను, జవాబు కూడా రాశాను. అమ్మమ్మ లేచి కూర్చుని, తీగలు పీకకుండానే ఆ పుస్తకం లాక్కుని చదువుకుంది.

"ఇది నా మెదడు అల్లిందే," అంది. "ఒక్క మనిషి, ఒక్క రాత్రి. దీన్ని పట్టుకుని ఎవరూ ఏమీ తేల్చలేరు."

"మరి తేలకపోతే ఎట్లా అమ్మమ్మా?"

"ఎట్లా ఏమిటే? తేలకుండానే ఉంటుంది." పుస్తకం మూసింది. "ఇంకో మాట ఏదైనా అడగాలనిపించిందా?"

"అనిపించింది."

"నీ మొహంలో కనబడుతూనే ఉంది. అడగలేదు కదా, అది చాలు."

ఆ రోజు నుంచి ఆ పుస్తకంలో జవాబు పక్కన, అడిగిన మాట రాయడానికి ఇంకో గడి గీశారు. అది గీసింది అమ్మమ్మే, స్కేలు లేకుండా, వంకరగా. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయింది. మిషను పోయి కంప్యూటరు వచ్చింది, ఆ గడి మాత్రం ఇంకా ఉంది.

ఇప్పుడు తీగలు అంటించేది నేనే. తెల్లారడానికి గంట ముందు లోపలికి వెళ్ళి, లేచినవాళ్ళ ముందు కార్డు పట్టుకుని నిలబడతాను. కొందరు నా భుజం మీదుగా తలుపు వైపు చూస్తారు. నేను మాత్రం వెనక్కి తిరగను. తిరిగితే, తాతయ్యా అమ్మమ్మా, ఇద్దరిలో ఎవరున్నారని వాళ్ళని అడిగేస్తానేమోనని భయం.