వదిన అనుమానం

అన్నకు రక్త క్యాన్సర్ వస్తే నా ఎముకల మూలుగ ఎక్కించారు. నెలలోపే ఆయన ఒళ్లంతా ఎర్రగా పొక్కింది. నేను హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లినప్పుడల్లా వదిన ఆయన చొక్కా చేయి పైకి మడిచి, నా ముఖంలోకి చూసేది.

"నీ కణాలే ఆయన్ని తింటాండాయి కదబ్బా?" అంది ఒకరోజు.

"నావొక్కటే కాదు వదినా. అన్న చర్మంలో మిగిలిన పాత కణాలే వాటిని రెచ్చగొడతాండాయని డాక్టరు చెప్పినాడు."

ఆమె నమ్మలేదు. "నువ్వు మనసారా ఇచ్చినావా?"

"ఇచ్చినా" అన్నాను.

మందులతో ఏడాదికి అన్న కోలుకున్నాడు. అసలు మొదట్లో, మూలుగ ఇస్తానని చెప్పడానికి బయలుదేరి, భయమేసి, రెండుసార్లు పెనుకొండలోనే బస్సు దిగి వెనక్కి వెళ్లిపోయాను. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. వదినకు ఆ ప్రశ్న ఎలా తట్టిందో ఇప్పటికీ తెలియదు.