కుదుపు లేని క్రేను

నా ఉద్యోగం ఏంటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను. తెనాలిలో మా వీధివాళ్లు నన్ను మోటార్లు బాగుచేసేవాడనుకుంటారు. బోరు మోటారు కాలినప్పుడల్లా కబురు పెడతారు. నేను చేసేది వేరు. ఫ్యాక్టరీల్లో యంత్రం ఎంత వేగంగా బయల్దేరాలో, ఎంత మెల్లగా ఆగాలో, సరిగ్గా ఎక్కడ ఆగాలో డ్రైవ్ అనే పెట్టెలో అంకెలు వేసి చెబుతాను. ఒక్క మాటలో, ఇరవై ఏళ్లుగా యంత్రాల కుదుపు తీసెయ్యడమే నా బతుకుతెరువు. ఆ విషయంలో నాకు కొంచెం పొగరు. కొంచెమే అంటే మా ఆవిడ ఒప్పుకోదు.

ఆ పొగరు బాగా ముదిరిన రోజుల్లోనే నిజాంపట్నంలో ఒక ఐసు ఫ్యాక్టరీకి, అక్కడి క్రేనుకు కొత్త డ్రైవ్ పెట్టడానికి వెళ్లాను. వేటకు వెళ్లే బోట్లు ఐసు నింపుకుంటే గానీ కదలవు. అక్కడ చల్లటి ఉప్పునీటి తొట్టెలో నిలబెట్టిన పొడుగాటి ఇనప డబ్బాల్లో నీళ్లు గడ్డకడతాయి. క్రేను ఒక వరసలో నాలుగు డబ్బాలను ఎత్తి, మామూలు నీళ్లలో ఓసారి ముంచి, పక్కనున్న స్టాండు మీద వాలుస్తుంది. ఐసుదిమ్మలు జారి బయటికొస్తాయి. ముప్పై ఏళ్లుగా ఆ క్రేను నడుపుతున్న పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన పని చూసి నాకు ఒళ్లు మండింది. డబ్బాలు స్టాండుకు తగలబోయే క్షణంలో టక్కున ఆపేవాడు. గొలుసులు అదిరేవి, షెడ్డంతా మోగేది.

"ఇట్లా కుదిపితే గేరుబాక్సు ఎన్నాళ్లుంటుంది బాబాయ్?" అన్నాను.

"నేనొచ్చిన కాడ్నించీ ఇదే గేరుబాక్సు బాబూ," అన్నాడాయన.

నేను వినిపించుకోలేదు. యజమాని వైపు తిరిగి, "కొత్త డ్రైవ్ పెట్టాక ఎవరు బటన్ నొక్కినా ఒకటేనండి. దీనికంటూ ఒక మనిషి అక్కర్లేదు," అన్నాను. ఆ మాట బాబాయ్ పక్కనుండగానే అన్నాను. యజమాని కూడా అక్కడికక్కడే తేల్చేశాడు. క్రేను దానంతటది నడిచిన రోజు నుంచీ బాబాయ్ ఇంటి దగ్గరే ఉండొచ్చన్నాడు. బాబాయ్ తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ కట్టుకున్నాడు.

రేపల్లెలో లాడ్జి తీసుకుని నాలుగు రోజులు బస్సులో తిరిగి పని పూర్తి చేశాను. ఐదో రోజు పొద్దున్నే పాస్టరుగారు వచ్చి డ్రైవ్ బిగించిన ప్యానెల్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నవాళ్లలో నా గొంతే పెద్దది. క్రేను ఎంత మెత్తగా కదులుతుందో చూపించడానికి డబ్బాలను పట్టి ఉంచే ఫ్రేము మీద నిండు టీ గ్లాసు పెట్టాను. ఒక్క చుక్క ఒలకలేదు. యజమాని చప్పట్లు కొట్టాడు. నేను వీడియో తీసి మా ఆఫీసు గ్రూపులో పెట్టాను. గ్లాసు తీసేశాక డబ్బాలు నీళ్లలో మునిగి, లేచి, పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా స్టాండు మీద వాలాయి.

దిమ్మలు రాలేదు.

ఇంకాస్త సేపు ముంచాను. రెండొచ్చాయి, రెండు అతుక్కునే ఉన్నాయి. మరికాస్త ముంచితే అన్నీ వచ్చాయి గానీ, కరిగి, అరిగిపోయిన సబ్బుబిళ్లల్లా వచ్చాయి. బయట ఐసు కోసం ఆటోలు వరస కట్టాయి. "ఏంటండీ ఇది, సముద్రం పోటు తగ్గితే బోటు కదల్దండీ!" అని ఎవరో అరిచారు. నేను లాప్‌టాప్ తెరిచి గ్రాఫులు చూశాను. గ్రాఫులు మాత్రం అద్భుతంగా ఉన్నాయి.

బాబాయ్ పక్కకొచ్చి నిలబడ్డాడు. "కుదుపేది బాబూ?"

"తీసేశాను బాబాయ్," అన్నాను, అప్పటికీ గర్వంగానే.

"ఆ కుదుపుకే గదా దిమ్మ డబ్బాని వదిలేది."

సిగ్గుతో చచ్చిపోయాను. ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్న పనిని నేను మొరటుతనం అనుకున్నాను. ఎంత కుదుపు కావాలని అడిగితే, ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశాడు. "ఇంత." ప్యానెల్ పట్టుకుని నిలదొక్కుకుని ఒక అంకె వేశాను. "చాల్లేదు," అని ఇంకో తోపు. నాలుగో తోపుకి అంకె కుదిరింది. నాలుగు దిమ్మలూ ఒకేసారి జారాయి, బయట ఆటోలు కదిలాయి. కుదుపులు తీసే నిపుణుణ్ని, ప్రోగ్రాం రాసి మరీ కుదుపు పెట్టాను.

"అంకె సేవ్ చేశారు గదండీ? ఇక బాబాయ్‌తో పన్లేదుగా?" అన్నాడు యజమాని.

"పన్లేదండి," అన్నాను. ఆయన పని ఆయన చేతే నేర్పించుకుని, ఆ పూటే ఆయన్ని ఇంటికి పంపేస్తున్నానని తెలుసు. తెలిసీ ఆ మాటే అన్నాను. మెప్పు పోతుందేమోనని భయం.

మర్నాడు బాపట్లలో వేరే పనికి వెళ్లి బస్సు దిగానో లేదో ఫోనొచ్చింది. మళ్లీ దిమ్మలు రావడంలేదట. పరుగున వెళ్లేసరికి బాబాయ్‌ని కూడా ఇంటి దగ్గర్నుంచి పిలిపించారు. ఆయన డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఇయ్యాల బిగువు ఎక్కువుంది బాబూ. ఎండాకాలం ఒకలా ఉంటది, వానాకాలం ఒకలా ఉంటది. పాత డబ్బా ఇంకోలా. నిన్నటి కుదుపు ఇయ్యాలకి చాలదు."

ఒక్క అంకెతో తేలే పని కాదని అప్పటికి నా బుర్రకెక్కింది. ప్యానెల్‌కి పాత రేడియోలకు ఉండేలాంటి నాబ్ ఒకటి బిగించాను. తిప్పినకొద్దీ కుదుపు పెరుగుతుంది, తగ్గుతుంది.

"దీన్నెవరు తిప్పుతారండీ?" అన్నాడు యజమాని.

"బాబాయ్ తిప్పాలండి."

"మనిషి అక్కర్లేదన్నారు గదండీ!"

"తప్పు చెప్పానండి. మనిషి కావాలి. ఈయనే కావాలి."

బాబాయ్ నా వైపు చూడలేదు. నాబ్ మీద చెయ్యి వేసి, "ఎక్కువ ఎటు బాబూ?" అని అడిగాడు. కుడివైపని చెప్పాను. కొంచెం తిప్పి బటన్ నొక్కాడు. షెడ్డంతా మోగింది. ఆ మోత నాకు అంత హాయిగా ఎప్పుడూ వినిపించలేదు.

తిరుగు బస్సులో, అంతకుముందు నేను మనిషి అక్కర్లేదని చెప్పి వచ్చిన ఫ్యాక్టరీలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అక్కడి యంత్రాల మోడల్ నంబర్లు ఇప్పటికీ చెప్పగలను. వాటిని నడిపిన మనుషులెవరో నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.