కోరుకొండ మొక్కు

1998లో ఒక సినిమావాళ్లు గోదావరి గట్టున పెంకుటింట్లో షూటింగ్ పెట్టుకుని, పూలకుండీల కోసం కడియం వచ్చారు. నర్సరీలో మొక్కలకు అంట్లు కడుతున్న చంద్రరావును చూసి డైరెక్టర్ గారు ఆగిపోయారు. ఆ ఉంగరాల జుట్టు అలాంటిది మరి! "హీరోయిన్ తమ్ముడి వేషం, చేస్తావా?" అన్నారు. పదేళ్లుగా అద్దం ముందు నవ్వులూ ఏడుపులూ సాధన చేస్తున్నవాణ్ణి పట్టుకుని అడగాలా!

మర్నాడే మొదటి షాటు. సంచి పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచి రావాలి. ఒక్క టేకులో ఓకే అయింది. గుమ్మం దాటి లోపలికొచ్చి అక్కతో మాట్లాడే సీను వారం తర్వాత తీస్తామన్నారు.

ఈ మాట వినగానే వాళ్లమ్మ సంపూర్ణమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీకు వేషమొస్తే తలనీలాలిప్పిస్తానని కోరుకొండ స్వామికి మొక్కుకున్నాన్రా. రేపే వెళ్దాం."

"షూటింగ్ అయ్యాక ఇద్దామమ్మా."

"ఆయనిచ్చేశాక మనం వాయిదా వేస్తామా? తప్పురా."

కాదంటే అమ్మ బాధపడుతుంది. పైగా సినిమావాళ్ల దగ్గర విగ్గులుండవా ఏంటి అనుకున్నాడు. అదీ మనవాడి తెలివి! కొండెక్కి నున్నగా గుండు చేయించుకొచ్చాడు.

వారం తర్వాత ఆ గుండు చూసి అసిస్టెంట్ డైరెక్టర్ తల పట్టుకున్నాడు. "ఏంటయ్యా ఇది! బయట జుట్టున్నవాడివి గుమ్మం దాటేసరికి గుండైపోతే జనం నవ్వరూ?"

"మొక్కండి... విగ్గు పెట్టుకుంటానండి."

పెట్టి చూశారు. ఏదీ నప్పలేదు. సాయంత్రంలోగా ఇంకో కుర్రాడితో మొత్తం మళ్లీ తీసేశారు. తను మోసుకొచ్చిన కుండీల వెనక నిలబడి చంద్రరావు అంతా చూశాడు.

ఇంటికెళ్లి నిజం చెప్పడానికి నోరు రాలేదు. "వాళ్ల బంధువులబ్బాయికి ఇచ్చేసుకున్నారమ్మా," అన్నాడు. సంపూర్ణమ్మ వాళ్లని తిట్టినతిట్టు తిట్టకుండా తిట్టి, "పోనీలే నాయనా, ఇంకోటి రాకపోదు. మళ్లీ మొక్కుకుంటాను," అంది.

అన్నంతపనీ చేసింది. కొడుక్కి వేషం ఇప్పించమని ఏటా, మోకాళ్లు పట్టుకుంటూ, ఆయాసపడుతూ ఆ మెట్లన్నీ ఎక్కేది. చెయ్యి పట్టుకుని ఎక్కించేది చంద్రరావే. ఆ ఒక్కరోజు తర్వాత అతను ఏ సినిమావాడి గుమ్మమూ తొక్కలేదు. ఆ సంగతైనా చెప్పొచ్చుగా? చెబితే గుండు మాట బయటపడుతుందని భయం. ఆవిడ కుమిలిపోతుందని భయం. వచ్చే ఏడు చెబుదాంలే అనుకుంటూనే ఎనిమిదేళ్లు గడిపేశాడు.

2006లో సంపూర్ణమ్మ పోయింది. పదోరోజున రేవులో మంగలి కత్తి పెట్టాడు. వేషమొచ్చాక స్వామికిద్దామని ఆవిడ దాచిపెట్టిన ఆ ఉంగరాల జుట్టంతా ఒళ్లో రాలింది. వేషం పోయినందుకు చంద్రరావు ఏడ్చింది ఒక్క సాయంత్రమే. అమ్మను ఎనిమిదేళ్లు ఊరికే కొండెక్కించినందుకు మాత్రం ఆ రేవులో వెక్కివెక్కి ఏడ్చాడు.