పత్తి చేనులో నేను తీసిన మొసలి

ఒక్క ఫొటోతో ఎకరన్నర పత్తి చేనును ముంచిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. చూడండి, నేనే. వడగళ్ల వాన చేయాల్సిన పనిని అరచేతిలో పట్టే ఫోనుతో పూర్తి చేశాను. గొప్పలు పోవడం లేదు. మా మామ ఇప్పటికీ ఊళ్లో నన్ను అలాగే పరిచయం చేస్తాడు.

అప్పుడు హనుమకొండలో డిగ్రీ రెండో ఏడు. చీమ కళ్లు, ఈగ కాలి వెంట్రుకలు, ఇలాంటివి దగ్గరగా ఫొటోలు తీసే పిచ్చి పట్టింది. అందుకు కావాల్సిన మాక్రో లెన్సు ధర చూశాను. చూసి, ఫోను బోర్లా పెట్టి, కాసేపు గోడను చూశాను. తర్వాత చవక దారులు వెతికాను. మొదటిది, ఫోను కెమెరా మీద ఒక నీటి చుక్క వేయడం. అదే భూతద్దం అవుతుందట. అయింది కూడా, మూడు సెకన్లు. నాలుగో సెకనులో చుక్క చార్జింగ్ రంధ్రంలోకి జారింది. ఫోను రెండు రోజులు బియ్యం డబ్బాలో పడుకుంది. మా అమ్మ ఎసరు పెట్టినప్పుడల్లా "నీ ఫోను గిట్ల వచ్చిందేమో సూసుకో" అనేది.

రెండో దారి ఫలించింది. పాడైన డీవీడీ ప్లేయరు విప్పితే లోపల కందిగింజంత లెన్సు ఉంటుంది. దాన్ని పీకి, చెల్లి తలపిన్నులో ఇరికించి, ఫోను కెమెరా మీద టేపుతో అంటించాను. ఖర్చు, చెల్లి తిట్లు. పురుగుకు వేలి వెడల్పు దూరంలో ఫోను పెట్టి ఊపిరి బిగబట్టాలి. గాలి వీస్తే అంతే సంగతులు. యాభై తీస్తే ఒకటి కుదురుతుంది. దురదృష్టం, నాకు కుదిరింది.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో మా మేనమామ ఎల్లయ్యకు పత్తి చేను ఉంది. ఆ ఏడు ఆకుల అడుగున పేనుబంక పట్టింది. పేనంత పురుగులు, ఆకు రసం పీల్చేస్తాయి. ఊళ్లో అందరూ ఏఈవో మేడం అని పిలిచే వ్యవసాయ అధికారి వచ్చి చూసింది. "పది రోజులు మందు కొట్టకు ఎల్లయ్యా. అక్షింతల పురుగులు వస్తున్నయి, పేనుబంకను అవే తింటయి" అంది. ఎర్రగా, గుండ్రంగా, నల్ల చుక్కలతో ఉండే ఆ పురుగులు ఎవరికి తెలియవు? మామ జీవితంలో మొదటిసారి మందు ట్యాంకు మూలన పెట్టాడు. పక్క చేను వాళ్లు నవ్వినా ఊరుకున్నాడు. ఐదు రోజులు ఊరుకున్నాడు. ఆరో రోజు నేను బస్సు దిగాను.

"ఏం జేస్తానవ్ అల్లుడా, ఆకుల కింద తలకాయ వెట్టి?"

"ఫొటో తీస్తాన మామా. జర జరుగు, నీ నీడ పడ్తాంది."

"నా చేన్ల నా నీడ గూడ పడొద్దా?"

ఆకు మీద నల్లటి సన్నని పురుగు ఒకటి నడుస్తోంది. బియ్యపు గింజంత కూడా లేదు. నొక్కాను. తెర మీద చూసి నేనే ఓ అడుగు వెనక్కి వేశాను. ఒంటినిండా ముళ్లు, వీపున నారింజ మచ్చలు, నోట్లో ఏదో నలుగుతోంది. అచ్చం మొసలి. అంత మంచి ఫొటో నేను అంతకుముందు తీయలేదు. తీసినవాడు ఊరుకుంటాడా?

మామ ఫోను లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"గిది మన చేన్లదేనా?"

"ఇప్పుడే, ఈ ఆకు మీదనే."

"ఎంతున్నది రా?"

గింజంత అని చెప్పొచ్చు. కానీ నాలో కళాకారుడు మేల్కొని ఉన్నాడు. ఫొటోను ఇంకా పెద్దది చేసి, "నోరు సూడు మామా, ఏదో నములుతాంది" అన్నాను.

"ఆకే నములుతాంది. ఇంకేం నములుతది? ఇసొంటియి ఎన్నున్నయి?"

"చెట్టుకు నాలుగైదు."

అత్త వచ్చి చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వామ్మో! మేడంను ఒక్క మాట అడుగుదాం, జర ఆగు."

"అడిగేదాక చేను మిగుల్తదా? మేడం జెప్పింది గుండ్రటి పురుగు. గిది గుండ్రంగ ఉన్నదా? అల్లుడు సదువుకున్నోడు, అద్దం వెట్టి సూసిండు."

సదువుకున్నోడంటే నేనే. నేను చదివేది బీకాం. కానీ పొగడ్తను కాదనడానికి మనసొప్పలేదు.

పొద్దుగూకేలోపు చేనంతా మందు కొట్టేశాం. నీళ్లు మోసింది నేనే. నా మొసళ్లన్నీ టపటపా రాలాయి. రాలిన వాటివి కూడా రెండు ఫొటోలు తీశాను.

నాలుగో రోజు మేడం వచ్చి ఫొటో చూసింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఇది అక్షింతల పురుగు పిల్ల. పెద్దయినంక గుండ్రంగ అయితది. నోట్లున్నది ఆకు కాదు, పేనుబంక."

నిజమే. మొసలి నోట్లో పచ్చటి పేనుబంక, కాళ్లతో సహా కనిపిస్తోంది. అంత స్పష్టంగా తీసింది నేనే.

"అంటే, కావలోణ్ణి సంపుకున్న" అన్నాడు మామ. నా వైపు చూడలేదు.

మందుకు చావని కాస్త పేనుబంక రెండు వారాల్లో చేనంతా కమ్మేసింది. ఆకులు జిగటపట్టి, మసిబారి, ముడుచుకున్నాయి. మళ్లీ కొట్టిన మందును ఆ పురుగులు పానకంలా తాగాయి. ప్రతి ఏడూ గది నిండి తలుపు పడనివ్వని పత్తి, ఆ ఏడు మంచం కింద సరిపోయింది. ఏరడానికి నేనూ వెళ్లాను. మధ్యాహ్నానికే పని అయిపోయింది. మామ ఆ చిన్న కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అల్లుడా, నీ అద్దం తెచ్చినవా?"

"తెచ్చిన మామా."

"గీ పత్తికి దగ్గర వెట్టి ఒక్క ఫొటో తియ్యి. దాంట్లనన్న జర పెద్దగ కనవడనీ."

తీశాను. ఒక్క దెబ్బకే కుదిరింది. తెర నిండా పత్తే.

కాబట్టి నా చేతిలో పోయిన పురుగులన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పక్కన అగ్గిపుల్ల పెట్టి ఎంతుందో చూపకుండా ఏ పురుగునూ ఫొటో తీయను. దాని పేరు, దాని తల్లి పేరు, అది తినే తిండి పేరు తెలుసుకోకుండా ఏ రైతుకూ చూపించను. తలపిన్ను చెల్లికి తిరిగిచ్చేశాను. కథ విన్నాక చెల్లి కూడా దాన్ని తలలో పెట్టుకోనంది.