హుసేన్ మామ రహస్యం నా నోట్లో ఆగలేదు

మా చిన్నప్పుడు ఆదోనిలో మా ఇంటి ముందు గదిలో హుసేన్ మామ అద్దెకుండేవాడు... ఎప్పుడు తొంగిచూసినా చాప మీద బోర్లా పడుకుని రాస్తూనే ఉండేవాడు. సిరా మరక లేని చొక్కా ఆయనకు ఒక్కటీ లేదు.

మద్రాసులో సినిమాలకు మాటలు రాసిన మనిషి. స్టూడియో పనివాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల కోసం కరపత్రం రాశాడట. అంతే... ఈయనకు ఎవరూ పని ఇవ్వకూడదని నిర్మాతలంతా కట్టుబాటు చేసుకున్నారు. చేసేది లేక సొంతూరికి వచ్చేశాడు.

రాత మాత్రం మానలేదు. మద్రాసు స్నేహితుడొకాయన సీన్లు కవర్లో పెట్టి పంపేవాడు, ఈయన మాటలు రాసి తిప్పి పంపేవాడు. తెర మీద పేరు ఆ స్నేహితుడిది. ఆ కవర్లు పోస్టాఫీసుకు తీసుకుపోయేది నేనే, పదేళ్ల పిల్లని.

"పాపా, ఈ సంగతి యాడా అనొద్దు. తెలిస్తే నా నోటికాడ కూడు పోతాది," అన్నాడు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను.

ఆ మాటలున్న సినిమా మా ఊరికొచ్చింది. నేల క్లాసులో ఆడవాళ్ల వైపు కూర్చున్నాను... తెర మీద తల్లి కొడుకును నిలదీస్తుంటే హాలంతా చప్పట్లే చప్పట్లు. నా పక్కన హాలు మేనేజరు కూతురు శారద. "ఈ మాటలు రాసిన మద్రాసాయన మా ఇంట్లో భోంచేసినాడు తెల్సా," అని ఒకటే గొప్పలు. వినీ వినీ నాకు ఒళ్లు మండింది.

"పోవే! ఆయప్ప ఒక్క ముక్కా రాయలేదు. రాసింది మా హుసేన్ మామ. కవర్లు పోస్టులో ఏసేది నేనే!"

శారద వాళ్ల నాన్నతో చెప్పింది. ఆయన సినిమా రీళ్ల పెట్టెతో వచ్చిన పంపిణీ కంపెనీ రెప్రజెంటేటివ్‌తో నవ్వులాటగా అన్నాడు. నెల తిరక్కుండానే మద్రాసు స్నేహితుడి నుంచి కార్డు... 'విషయం మీ ఊరి నుంచే బయటపడింది. నా పని కూడా పోయేట్టుంది. ఇక కవర్లు పంపను.'

మామ ఆ కార్డు పట్టుకుని మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అక్కా, ఈడనుంచే పోయింది మాట. ఎవరన్నా యాడన్నా అనింటారా?"

అమ్మ నావైపు తిరిగింది. "ఏమే, నువ్వేమన్నా వాగినావా?"

తల దించుకుని శనక్కాయలు ఒలుస్తూనే ఉన్నాను.

"పాపనెందుకంటావక్కా? ఒట్టేసింది. సెప్పదు," అన్నాడు మామ.

అప్పుడు హమ్మయ్య అనుకున్నాను చూడండి... అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆయన గది ఖాళీ చేసి ఎమ్మిగనూరు వెళ్లిపోయాడు. మరుసటి ఎండాకాలం సెలవుల్లో అక్కడ మా పెద్దమ్మ ఇంట్లో ఉండగా, సందులోకి సినిమా ప్రచారం జట్కా వచ్చింది. మైకులో గొంతు హుసేన్ మామది! అదే సినిమా... "గుండెలు కరిగించే మాటలు!" అంటూ, రాసిన మనిషిగా ఆ మద్రాసు స్నేహితుడి పేరే గట్టిగా చదువుతున్నాడు.

పిల్లలంతా పాంప్లెట్ల కోసం బండి వెంట పడ్డారు. నేను తలుపు వెనక దాక్కున్నాను. జట్కా మలుపు తిరిగేదాకా బయటికి రాలేదు.

ఇప్పుడు జట్కాలూ లేవు, ఆ హాలూ లేదు... ఆయన ఉన్నాడో లేడో కూడా తెలియదు. జట్కా వచ్చిన ఆ రోజైనా గుమ్మం దాటి "నేనే చెప్పాను మామా" అని ఉంటే ఎంత బాగుండేది!

ఇట్లాంటి మాట మీరూ ఒకటి దాచుకుని ఉంటే కింద రాయండి... నేను మీ అందరికీ చెప్పేశాను, వినాల్సిన ఆ ఒక్క మనిషికి తప్ప.